గోడలోని తడికి దారి వదలండి

విజయవాడ వన్‌టౌన్ సందుల్లోనో, సత్యనారాయణపురంలోనో, బందరు పాత వీధుల్లోనో నడుస్తూ ఇళ్ల ముందు గోడలు గమనించండి. నేల నుంచి మూడు నాలుగు అడుగుల ఎత్తు దాకా మెరిసే టైల్స్ ఉంటాయి. టైల్స్ పై అంచు దాటగానే రంగు ఉబ్బి, పొక్కి, పెచ్చులుగా లేచి ఉంటుంది. ఆ గోడ చరిత్ర ఊహించడం కష్టం కాదు. మొదట అడుగు ఎత్తులో చెమ్మ కనిపించింది. పాత సున్నం పూత కొట్టించి సిమెంటు పూయించారు. కొన్నాళ్లకు చెమ్మ ఆ సిమెంటు దాటి పైకొచ్చింది. ఈసారి డబ్బాలో దొరికే వాటర్‌ప్రూఫ్ పూత వేయించారు. అదీ ఉబ్బాక టైల్స్ అంటించారు. ఇప్పుడు చెమ్మ కిటికీ అంచుకు చేరింది. డబ్బు పెట్టిన ప్రతిసారీ తడి మరో అడుగు పైకెక్కింది.

ఇందులో పనివాడి చేతకానితనం ఏమీ లేదు. పూత చక్కగానే పూశాడు. తేడా అంతా ఆలోచనలో ఉంది. గోడలోకి నీరు రాకుండా అడ్డు కట్టాలని మనం అనుకుంటాం. డెల్టాలో కట్టిన పాత ఇంటికి ఆ పని పూర్తిగా సాధ్యం కాదు. వచ్చిన నీరు బయటికి పోయే దారి మూయకుండా ఉండటం మాత్రం మన చేతిలో ఉంది. చెమ్మ పట్టిన పాత గోడ విషయంలో మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

కింద నేల సంగతి చూద్దాం. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ మూడూ విజయవాడ నడి ఊళ్లోంచే పారతాయి. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అంటే ఇక్కడి నేల తరతరాలుగా కాలువ నీటితో నానుతూనే ఉంది. కాలువలకు నీళ్లు వదిలితే ఊరి బావుల్లో మట్టం లేస్తుంది, వేసవిలో కాలువ కట్టేస్తే దిగుతుంది. ఇలాంటి నేలలో దిగిన పునాది పొడిగా ఉండాలనుకోవడం అత్యాశ. కొత్త ఇళ్లకు బేస్‌మట్టం దగ్గర తడి పైకెక్కకుండా కాంక్రీటు పొర ఒకటి వేస్తారు. మేస్త్రులు దాన్ని డీపీసీ అంటారు. పాత ఇళ్లు చాలావాటికి అది ఉండదు, ఉన్నా ఈపాటికి చిట్లి ఉంటుంది.

ఇటుకలో కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి. తడి నేలను తాకిన ఇటుక ఆ రంధ్రాల గుండా నీటిని తనంతట తానే పైకి లాక్కుంటుంది. ఎంత లాక్కోగలదో ఒక లెక్క చూడండి. మామూలు ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదని భారత ప్రమాణం చెబుతుంది. అంటే మూడు కిలోల ఇటుక, ప్రమాణానికి లోబడినది కూడా, అరలీటరుకు పైగా నీరు పట్టుకోగలదు. పది అడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు, తొమ్మిదంగుళాల మందం ఉన్న గోడ ముక్కలో దాదాపు 280 ఇటుకలుంటాయి. అది పూర్తిగా నానితే 150 లీటర్ల పైమాటే. అంత నీటిని మిల్లీమీటరు మందం కూడా లేని రంగు పూత ఆపుతుందని నమ్మి మనం డబ్బా కొంటున్నాం.

నేల నుంచి వచ్చే తడి ఎక్కడిదాకా ఎక్కుతుందో నిర్ణయించేది ఆవిరి. కింద నుంచి ఎంత వస్తోందో పక్కల నుంచి అంత ఆవిరైపోతే తడి ఆ ఎత్తున ఆగుతుంది. పూత గాలాడేదైతే అది మోకాలి దగ్గరే ఆగవచ్చు. ఆ మేర సిమెంటో టైలో అంటిస్తే ఆవిరికి దారి మూసుకుపోయి, తడి ఖాళీ గోడ వెతుక్కుంటూ పైకి పోతుంది. టైల్స్ అంచు మీదే పెచ్చులు లేవడానికి కారణం అదే.

నీటికంటే ఎక్కువ నష్టం చేసేది దానితో వచ్చే ఉప్పు. నేలలోని లవణాలు నీటిలో కరిగి గోడ ఎక్కుతాయి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. గోడపై తెల్లగా దూదిలా పూసినప్పుడు ఫరవాలేదు, తుడిస్తే పోతుంది. పూత వెనక, ఇటుక లోపలి రంధ్రాల్లో స్ఫటికాలుగా పెరిగితే మాత్రం అవి చుట్టూ ఉన్న పదార్థాన్ని చిట్లగొడతాయి. ఇటుక పిండిగా రాలడం, సిమెంటు పూత వెనక ఇటుక ముఖాన్ని కూడా పెకలించుకుని పలకలా ఊడిరావడం ఆ పనే. బందరు, అవనిగడ్డ, కృత్తివెన్ను వైపు సముద్రం దగ్గరయ్యేకొద్దీ నేలా బోరు నీరూ ఉప్పగా మారతాయి కాబట్టి అక్కడి గోడలకు ఈ బాధ మరీ ఎక్కువ. పైగా ఆ బోరు నీళ్లతోనే సిమెంటు కలిపితే ఉప్పును మన చేత్తో గోడలో పెట్టినట్టే. ఇనుము లేని కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 2,000 మిల్లీగ్రాములు, ఇనుము ఉన్న కాంక్రీటుకైతే 500 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. నాలుక్కి ఉప్పగా తగిలే నీరు తాపీ పనికి పనికిరాదని గుర్తుంటే చాలు, పరీక్ష దాకా పోనక్కర్లేదు.

ఉప్పు పట్టిన గోడకు ఇంకో గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే వంటింటి ఉప్పు ఆ తేమను పీల్చి నీరవుతుంది. శ్రావణ భాద్రపదాల్లో జాడీలో ఉప్పు చెమర్చేది ఇందుకే. గోడలోని ఉప్పుదీ అదే పని. కొన్ని లవణాలకు అంత తేమ కూడా అక్కర్లేదు. అందుకే ఎక్కడా లీకు లేకపోయినా వానాకాలం వచ్చేసరికి అదే చోట అదే మచ్చ తేలుతుంది, ఇంటివాళ్లు ప్లంబర్‌ను పిలిచి పైపులు తవ్విస్తారు. ముసురు రోజున గోడ చెమర్చి, ఎండ రాగానే పొడిబారుతుంటే పైపుల జోలికి పోకముందు ఉప్పును అనుమానించండి.

పాతకాలం వాళ్లకు ఈ లెక్కలన్నీ తెలుసని నేననను. కానీ వాళ్ల చేతిలో ఉన్న సరుకు ఈ నేలకు సరిపోయింది. సున్నపురాయినో గుల్లలనో బట్టీలో కాల్చి, నీళ్లలో విరగ్గొట్టి, ఇసుకా ఇటుక పొడీ కలిపి, ఎద్దులు తిప్పే రాతి చక్రం కింద గానుగాడించిన సున్నంతో గోడ కట్టారు, అదే గోడకు పూశారు. దానిలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. ఆ పూత ఇటుకకంటే మెత్తన, దానిలోంచి ఆవిరి పోతుంది. ఉప్పు పేరుకుంటే ఇటుక బదులు పూతే రాలిపోతుంది. ఏటా సంక్రాంతికి వెల్ల వేసేది పండగ కళకే అయినా, రాలిన పొర స్థానంలో కొత్త పొర వేయడం కూడా దానితో జరిగిపోయేది. ఇప్పుడు పదేళ్ల గ్యారంటీ రంగు వేసి పదేళ్లు గోడ వైపు చూడకుండా ఉండాలనుకుంటాం. పాత గోడతో ఆ బేరం కుదరదు.

పట్టణాల్లో ఇంకో సంగతి జరిగింది, దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఉన్న రోడ్డును తవ్వకుండా దానిపైనే కొత్త పొర వేసుకుంటూ పోయారు. ఒకప్పుడు వీధి నుంచి రెండు మెట్లెక్కి చేరే అరుగు ఇప్పుడు వీధితో సమానంగా ఉంది, కొన్నిచోట్ల మెట్టు దిగి ఇంట్లోకి పోవాల్సి వస్తోంది. పునాది మీద గాలికీ ఎండకూ ఆరుతూ ఉండాల్సిన బేస్‌మట్టం గోడ ఇప్పుడు సిమెంటు రోడ్డు కింద కప్పబడిపోయింది. మురుగు కాలువ అడుగు మట్టం ఇంటి నేలకంటే ఎత్తుకు చేరింది. ఇలాంటి ఇంట్లో లోపలి గోడకు ఎన్ని పూతలు పూసినా ఉపయోగం లేదు. నా లెక్కలో పాత ఇంటి చెమ్మలో సగం పాపం వీధిది. ఇంటిముందు మీ స్థలం ఒక్క అడుగు వెడల్పున ఉన్నా సరే, గోడ వెంబడి మట్టి, కాంక్రీటు తీసేసి, ఇంటి నేలకంటే అరడుగు దిగువ దాకా తవ్వి, కంకర నింపి, నీరు నిలవకుండా వాలు ఇవ్వండి. పునాది అడుగు దాకా మాత్రం తవ్వకండి. పాత పునాదులు లోతు తక్కువ, పక్క మట్టి తీసేస్తే జారతాయి.

ఏ పని మొదలెట్టే ముందైనా తడి ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. నేల నుంచి వచ్చే తడి గోడ పొడవునా ఇంచుమించు ఒకే ఎత్తులో అలల అంచులా ఉంటుంది, దాని పైన ఉప్పు గీత ఉంటుంది. స్లాబు కిందో కిటికీ మూలనో గుండ్రటి మచ్చ ఉంటే అది వాన నీరు. పడకగది గోడకు మధ్య ఎత్తులో మచ్చ వస్తే దాని వెనక ఏముందో చూడండి. పాత ఇళ్లలో స్నానాలగది పెరట్లో ఉండేది. తర్వాత రోజుల్లో గదికి ఆనించి కట్టినప్పుడు ఆ గోడ నీటి గోడగా మారుతుందని ఎవరూ ఆలోచించలేదు. పైపు లీకు అనుమానముంటే రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టానికి గీత పెట్టి, పొద్దున్నే చూస్తే తేలిపోతుంది. ఎటూ తేలకపోతే రెండడుగుల పాలిథిన్ షీటు గోడకు నాలుగు వైపులా టేపుతో అతికించి రెండు రోజులుంచండి. షీటు వెనక, గోడ వైపు చెమట పడితే తడి గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే అది గాలిలోని తేమ, దానికి కిటికీలు తెరవడమే మందు.

పల్లెల్లో బంగాళా పెంకుల ఇళ్లకు వానాకాలం ముందు కప్పు చూసుకోవడం ముఖ్యం. అక్కడ పెంకులు పగలగొట్టే పని కోతులు తీసుకున్నాయి, వాటికి సిమెంటు మేస్త్రి దగ్గర కూడా విరుగుడు లేదు. మిద్దె ఇళ్లలో పిట్టగోడ పగుళ్లలో మొలిచిన రావి మొక్కను పైకి పీకి వదిలేస్తే వేరు లోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది. వేరుతో సహా తీసి ఆ పగులును సున్నంతో నింపాలి. వాన నీటి గొట్టం గోడకు జానెడు దూరమైనా జరిగి పడేలా పొడిగించండి. ఇంత చిన్న పనితో ఆగిపోయే చెమ్మ కూడా చాలానే ఉంటుంది.

మూలం కట్టాక గోడ పని. సంక్రాంతి దాటాక మొదలెడితే మంచిది, వేసవి అంతా ముందుంటుంది. కనిపించే తడి గీతకు పైన ఇంకో అడుగున్నర దాకా పాడైన పూత కొట్టించండి. కొట్టేది నెమ్మదిగా కొట్టాలి. పాత ఇటుక మెత్తన, డ్రిల్లింగ్ మిషన్ పెడితే పూతతో పాటు ఇటుక మూలలూ పోతాయి. ఇటుకల మధ్య వదులైన సున్నాన్ని అరంగుళం లోతు దాకా గీకి తీయాలి. రాలిన పెచ్చుల్లో నిండా ఉప్పే కాబట్టి గోడ పక్కన గుట్ట పోయకుండా అదే రోజు బయటికి తరలించాలి. ఆ పెచ్చులు జల్లించి మళ్లీ ఇసుకలో కలిపే పొదుపు ఒకటుంది, దాన్ని మాత్రం ఒప్పుకోకండి.

తర్వాత చేయాల్సిన పని మనకు అస్సలు నచ్చనిది: ఊరుకోవడం. ఇటుక కనిపించేలా గోడను వదిలేయాలి. ఉప్పు పూసినప్పుడల్లా పొడి బ్రష్షుతో దులిపి, ఆ పొడి ఎత్తి పారేయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికి పోతుంది. ఎన్నాళ్లు ఆగాలి? గోడ అంగుళం మందానికి ఒక నెల అని చల్లటి దేశాల్లో ఒక మోటు లెక్క వాడతారు. ఆ లెక్కన తొమ్మిదంగుళాల గోడకు తొమ్మిది నెలలు. బెజవాడ ఎండలకు, రోహిణీ కార్తె వడగాడ్పులకు పై పొర చాలా ముందే ఆరుతుంది గానీ, పైన పొడిగా ఉన్న గోడ నడిమధ్యన తడిగానే ఉండవచ్చు. ఒకటిన్నర ఇటుక మందం గోడలకు ఒక వేసవి పూర్తిగా వదిలేయడం తక్కువలో తక్కువ. ఇంట్లో పెళ్లో గృహప్రవేశమో ఉంటే ఈ సలహా ఎవరికీ రుచించదు, తెలుసు.

పూతకు సున్నం దొరకదనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. పల్నాడులో పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరున్న ఊరు, అది మనకు దగ్గరే. అరుదైనది సున్నం కాదు, దానితో పని చేసే చేయి. గుడి బాగుచేతలు, పాత కట్టడాల పనులు చేసినవాళ్లు దొరికితే వదలకండి. కాల్చిన సున్నాన్ని విరగ్గొట్టేటప్పుడు నీళ్లలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు పోయకూడదు. అది భగభగా ఉడికి చిందుతుంది, కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. విరిగిన సున్నాన్ని వడకట్టి, నీటి కింద కనీసం రెండు వారాలు నాననివ్వాలి. ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు కడిగిన ఏటి ఇసుక మామూలు లెక్క. తడి తగ్గని గోడకు ఇసుకలో ఒక పాలు తగ్గించి, దాని బదులు బాగా నూరిన ఇటుక పొడి కలిపితే పూత త్వరగా గట్టిపడుతుంది. గోడను ముందు తడిపి, పలచగా రెండు మూడు పొరలుగా, ఒక్కో పొరకూ మధ్య వారమైనా ఆగి పూయాలి. తడి గోనెలు కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి. సున్నం గట్టిపడేది ఎండకు ఎండి కాదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది, దానికి కొంచెం తడి ఉండాలి. ఏప్రిల్ ఎండలో నేరుగా వదిలేస్తే పిండిగా రాలిపోతుంది, అప్పుడు తిట్లు సున్నం తింటుంది.

సున్నం మేస్త్రి దొరకనే దొరకకపోతే ఒక మధ్యేమార్గం ఉంది: ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్లు ఇసుక. పాత కట్టడాలు బాగుచేసేవాళ్లు దీన్ని ఇష్టపడరు, నాకూ ఇది రెండో ఎంపికే. అయినా ఒకటికి నాలుగు సిమెంటు పూతకంటే ఎంతో మేలు. పైన వెల్లగానీ గాలాడే సిలికేట్ రంగుగానీ వేయండి. లప్పం, ప్లాస్టిక్ ఎమల్షన్, ఆయిల్ పెయింటు వేస్తే ఇంతదాకా చేసిందంతా మూసేసినట్టే.

ఇటుక వరసల మధ్య నాలుగైదు అంగుళాలకో రంధ్రం చేసి నీటిని వికర్షించే క్రీము ఎక్కించే పద్ధతి కూడా ఇప్పుడు వచ్చింది. గట్టి ఇటుక గోడకు, తెలిసినవాడు చేస్తే పని చేస్తుంది. లోపల రాళ్లు, మట్టి, ఖాళీలు కలిసిన గోడలో ఆ మందు ఎటు పోయిందో చెప్పలేం. ఎక్కించినా పాత ఉప్పు పూత కొట్టాల్సిందే, కాబట్టి పై పని ఏదీ తప్పదు. ఇక తడి గోడ కనిపించకుండా పీవీసీ పలకలు బిగించడం గురించి చెప్పడానికి ఏమీ లేదు. వాటి వెనక బూజు పెరుగుతుంది, ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు దానికి మూల్యం చెల్లిస్తారు.

వరదలో మునిగిన ఇళ్ల సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ లాంటి ప్రాంతాలు మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదైంది. ఇళ్లలో నీరు రోజుల తరబడి నిలిచింది. అలాంటి గోడకు తడి కింద నుంచి కాదు, రెండు వైపుల నుంచీ ఒకేసారి పడుతుంది, మురుగులోని లవణాలతో సహా. నీరు తీయగానే బురద ఆరకముందే మంచినీళ్లతో కడగాలి, ఇక్కడ కడగడమే సరి. గోడకు ఆనిన చెక్క అల్మరాలు, ప్లైవుడ్ తీసేయాలి. సిమెంటు పూత అడుగున తట్టి చూసి డొల్ల శబ్దం వచ్చిన చోట కొట్టించి ఇటుకకు గాలి తగలనివ్వాలి. గోడలో దాచిన కరెంటు పైపుల్లో నీరు నిలిచి ఉంటుంది కాబట్టి ఎలక్ట్రీషియన్ మీటరుతో పరీక్షించేదాకా మెయిన్ వేయకూడదు. సెప్టెంబరులో మునిగిన ఇంటికి దీపావళికి రంగు వేయించాలనిపించడం సహజం. అప్పటికి గోడ లోపల సగం కూడా ఆరి ఉండదు. ఇంటివాళ్లకు ముఖం చూపించుకునేలా ఉండాలంటే ఒక చేయి వెల్ల వేసి, అసలు రంగు మరుసటి వేసవి దాటాక చూసుకోవచ్చు. వెల్ల ఆవిరిని ఆపదు, ఖర్చూ తక్కువ.

పూతతో సంబంధం లేని నష్టాలు రెండున్నాయి, వాటిని పూతతో కప్పకూడదు. స్లాబు అడుగున పెచ్చులూడి తుప్పు పట్టిన కడ్డీలు బయటపడితే అది గోడ చెమ్మ లాంటిది కాదు. తుప్పు కడ్డీని ఉబ్బించి కాంక్రీటును పగలగొడుతోంది. కింద సిమెంటు రాసి మూస్తే లోపల తుప్పు ఆగదు. రెండోది పగులు. నల్లరేగడి వేసవిలో కుంచించుకుని, వానలకు ఉబ్బుతుంది, దానిపై గోడలు ఏటా తెరుచుకుని మూసుకునే సన్నటి పగుళ్లతో నెట్టుకొస్తుంటాయి. పగులుకు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాసి ఉంచండి. గీత దాటి పెరుగుతున్నా, ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోతున్నా, గోడ కడుపు ఉబ్బి కనిపిస్తున్నా, ఇంటి వెనక గోడ కొండకు ఆని ఉండి దానిలోంచి ఊట వస్తున్నా తాపీమేస్త్రిని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. అది కూడా వానాకాలానికి ముందే.